ఓడ పోయింది, తోటివాళ్లు ఉన్నారు

(సొసైటీ వార్షిక సభలో, విక్రాంత్ ఓడమీద పనిచేసిన మాజీ నావికుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమని అడిగినప్పుడు కొంచెం వెనకాడాము. మేము వక్తలం కాము. ఓడమీద మాకు అబ్బినది చెప్పిన పని చేయడం ఒక్కటే. "మీరు యుద్ధం చూసినవారు గదా, పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. యుద్ధం సంగతీ చెబుతాము. కాని మా మనసులో ఉన్నది వేరు. యుద్ధం అయిపోయి, ఉద్యోగం అయిపోయి, చివరికి ఆ ఓడ కూడా అయిపోయిన తర్వాత మేము ఒకరినొకరు వెతుక్కున్నాము. ఆ వెతుకులాటలో మన ఇళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి తెలిసింది. అది చెప్పడానికే ఒప్పుకున్నాము.

మేము అంటే ఈ విశాఖపట్నంలో తొమ్మిదిమందిమి. మాలో ముగ్గురం ఈ సొసైటీ సభ్యులం. మిగిలిన ఆరుగురు బయటివారు. అయినా ఈ వేళ మాతోపాటు వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. తప్పు చెబితే దిద్దడానికట!

ఆ ఓడ సంగతి పిల్లల కోసం కొంచెం చెబుతాము. విక్రాంత్ మన దేశపు మొదటి విమానవాహక నౌక. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1943లో కట్టడం మొదలుపెట్టి 1945లో నీళ్లలోకి దింపారు. అప్పటికి రెండవ ప్రపంచయుద్ధం ముగియడంతో పని సగంలో ఆపేశారు. 1957లో మన ప్రభుత్వం దాన్ని కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించింది. 1961 మార్చి 4న అక్కడే శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ సమక్షంలో మన జెండా ఎగిరింది. అదే సంవత్సరం నవంబరు 3న బొంబాయి చేరినప్పుడు ప్రధాని నెహ్రూగారు స్వయంగా స్వాగతం చెప్పారు. పొడవు ఏడువందల అడుగులు. లోపల వెయ్యిమందికి పైగా మనుషులు. ఒక ఊరే అనుకోండి. వంటశాల, ఆసుపత్రి, చాకలి, మంగలి, అన్నీ అందులోనే.

మేము అందులో చేరేనాటికి మీసాలు కూడా సరిగా రాలేదు. ఇక్కడే, సర్కార్స్ కేంద్రంలో, బాలనావికులుగా శిక్షణ పొందాము. కొందరిని అక్కణ్ణుంచి లోనావాలాలోని శివాజీకి పంపి యంత్రాల పని నేర్పారు. తర్వాత విక్రాంత్. మొదటి వారమంతా దారి తప్పడమే! భోజనానికి బయలుదేరి హ్యాంగరులో తేలేవాళ్లం.

ఫ్లైట్ డెక్ మీద పనిచేసేవాళ్లకు గాలి, ఎండ, విమానాల చప్పుడు. బాయిలర్ రూములో పనిచేసేవాళ్లకు వేడి, చెమట. పైన సీ హాక్ విమానం లేవాలంటే దాన్ని విసిరే కాటపుల్ట్‌కు కింద నుంచి ఆవిరి అందాలి. ఆవిరి ఇచ్చేవాడికి విమానం కనపడదు. విమానం నడిపేవాడికి ఆవిరి ఇచ్చేవాడు కనపడడు. మాలో బాయిలర్‌వాళ్లు ఇప్పటికీ అంటారు, "అన్నేళ్లు ఓడమీద ఉన్నాం, విమానం లేవడం వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే చూశాం" అని.

మెస్‌లో పక్కపక్క పడకలు. ఒకడు పంజాబీ, ఒకడు మలయాళీ, ఒకడు బెంగాలీ, ఒకడు మన గుంటూరువాడు. రంజాన్ నెలలో మా సహరీ భోజనం మూతపెట్టి దాచి, వేళకు తట్టి లేపింది మా వాచీలోని ఒక సర్దార్జీ. మాకంటే ముందు వాడే లేచేవాడు. ఎవరూ వాడికి చెప్పలేదు, మేమూ అడగలేదు. అలా సాగిపోయేది.

ఇక 1971. అప్పటికి ఓడ బాయిలర్లలో పగుళ్లు వచ్చి పూర్తి వేగం అందడం లేదు. 1965 యుద్ధంలో మరమ్మతులో ఉండి ఓడ పాల్గొనలేకపోయింది. ఈసారీ అదే గతి పడితే ఎలా అని పైవాళ్లకూ కిందివాళ్లకూ ఒకటే పట్టుదల. తక్కువ ఆవిరితోనే నడిపించాము. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌గారు నాయకులు. ఓడను రహస్యంగా అండమాన్ల వైపు చేర్చారు. ఇక్కడ విశాఖలో మాత్రం విక్రాంత్ దగ్గరలోనే ఉన్నట్టు ఒక నాటకం నడిచింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్‌గారు రాజ్‌పుత్ అనే పాత ఓడచేత విక్రాంత్ పంపుతున్నట్టుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్ద ఓడ వస్తోందన్నట్టు సరుకులు పురమాయించారు. మన బజారువాళ్లకు కూడా అసలు సంగతి తెలియదు.

విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో మన రేవు బయట మునిగిపోయింది. ఎలా మునిగిందన్నదానిపై రెండు దేశాల మాటా ఒకటి కాదు. మర్నాడు, డిసెంబరు 4న, మా డెక్ మీద నుంచి సీ హాక్‌లు లేచి కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా. రాత్రిళ్లు అలీజే విమానాలు. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు జరిగేదాకా మాకు పగలూ రాత్రీ తేడా లేదు.

ఘాజీలో తొంభైమందికి పైగా మనుషులు పోయారు. ఆ రోజు మేము సంతోషించాము, అబద్ధం ఎందుకు చెప్పాలి? వాళ్లు వెతికింది మా ఓడనే గదా. కాని వయసు పెరిగాక, బీచి రోడ్డున యుద్ధస్మారకం దగ్గర నిలబడితే మరో ఆలోచన కూడా వస్తుంది. వాళ్లూ మా ఈడు కుర్రాళ్లే. వాళ్ల ఇళ్లలోనూ ఒక తల్లి కబురు కోసం చూసి ఉంటుంది.

యుద్ధం తర్వాత ఎవరి దారి వారిది. ఒకరు ఒక ఓడకు, ఒకరు ఇంకో ఓడకు బదిలీ. పదిహేనేళ్ల నౌకరీ పూర్తయితే పింఛను. తర్వాత పోర్టులోనో, షిప్‌యార్డులోనో, ఉక్కు కర్మాగారంలోనో రెండవ ఉద్యోగం. పెళ్లిళ్లు, పిల్లలు, ఇళ్ల బాకీలు. మొదట్లో ఉత్తరాలు రాసుకున్నాము. ఇల్లు మారినప్పుడు ఒక ఉత్తరం తిరిగి వచ్చింది, దానితో ఆగిపోయింది. అందరి కథా ఇంతే.

1997 జనవరి 31న విక్రాంత్ సేవ విరమించింది. కొన్నేళ్లు ముంబాయిలో మ్యూజియంగా ఉంచారు. మాలో ఒకరు మనవణ్ణి తీసుకెళ్లి తాను పడుకున్న చోటు చూపించాలని వెళ్లారు. కొంత భాగమే చూడనిచ్చారట, మెస్ దాకా పోనివ్వలేదట. 2012లో అదీ మూసేశారు. పాత ఇనుముకింద వేలం వేశారు. అభ్యంతరాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా నిలవలేదు. 2014 నవంబరులో విరగ్గొట్టడం మొదలైంది. ఆ ఇనుము కొంత కరిగించి మోటారుసైకిళ్లలో వాడారని పేపర్లో చదివాము. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో అదే పేరుతో మన దేశంలోనే కట్టిన కొత్త విక్రాంత్ వచ్చింది. సంతోషమే. కాని మా పడక అందులో లేదు గదా.

ఓడను విరగ్గొడుతున్న ఫోటో పేపర్లో పడ్డ రోజు మేము నలుగురం బీచిలో కలుసుకున్నాము. అప్పటికి మాకు ఒకరికొకరం తెలిసినది ఆ నలుగురమే. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరికి ఒకరు అన్నారు: "ఇనుమును మనం ఆపలేం. మనుషులనైనా వెతుక్కుందాం."

ఒక రూళ్ల పుస్తకం కొని పేర్లు రాద్దామని కూర్చున్నాము. అప్పుడు బయటపడింది మా అజ్ఞానం! ఎవరి పేర్లూ సరిగా తెలియవు. గుర్తున్నవన్నీ ఓడమీద పిలుపులే. "గుంటూరు", "తంబి", "పొడుగు బెంగాలీ", "నిద్రమొహం". ప్రాణాలు ఒకరి చేతుల్లో ఒకరం పెట్టి బతికాము, తండ్రి పేరేమిటో ఊరేమిటో అడగలేదు. ఆ పుస్తకం మొదటి పేజీలో నలభై పిలుపులున్నాయి. అసలు పేర్లు పదకొండు.

వెతకడం ఎలాగో మెల్లగా తెలిసింది. క్యాంటీన్ లైన్లో, మాజీ సైనికుల వైద్యశాలలో, డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవంనాడు బీచిలో, తలనెరిసినవారు ఎవరు కనపడినా "ఏ ఓడ భాయీ?" అని అడిగేవాళ్లం. అన్నిటికంటె మంచిచోటు బ్యాంకు. పింఛనుదారులు బతికున్నట్టు నవంబరులో ధ్రువపత్రం ఇవ్వాలి గదా. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనులో ముఖం చూపి ఇవ్వవచ్చు. అయినా మా వయసువాళ్లకు బ్యాంకు గడప తొక్కితేగాని నమ్మకం కుదరదు. ఆ వరుసల్లోనే ముగ్గురు దొరికారు. ఒకరు ఇంకొకరి ఫోను నంబరు ఇచ్చారు, ఆయన మరొకరిది. అలా జలంధర్ దాకా, కొల్లం దాకా వెళ్లింది. మా సహరీ సర్దార్జీ ఫోనులో దొరికినప్పుడు మొదటి మాట ఏమన్నాడో తెలుసా? "తిన్నావా?" అన్నాడు. మధ్యలో నలభై ఏళ్లు గడిచినట్టే లేదు.

అందరూ దొరకలేదు. దొరికినవారందరూ కలవాలనుకోలేదు కూడా. ఒకాయన ఇంటికి మిఠాయి పట్టుకుని వెళ్లాము. గుమ్మంలోనే నిలబడి "నాకా రోజులు గుర్తులేవు" అన్నారు. గుర్తున్నాయని ఆయన కళ్లే చెబుతున్నాయి. ఎవరి కష్టం వారిది. మిఠాయి ఆయన మనవరాలి చేతిలో పెట్టి సలాం చెప్పి వచ్చేశాము. అలాంటప్పుడు గుచ్చి గుచ్చి అడగకూడదని నేర్చుకున్నాము.

ఇక మేము చెప్పాలనుకున్న అసలు సంగతికి వస్తున్నాము.

మా బాయిలర్ రూములో ఒక మిత్రుడు ఉండేవాడు. విజయనగరం జిల్లా. మన సాయిబుల కుర్రాడే. ఎంత వేడిలోనైనా పాట పాడుతూ పనిచేసేవాడు. 1974లో అతని నిఖాకు మాలో ఇద్దరు సెలవు పెట్టి వెళ్లారు. 2019లో అతని ఊరి జాడ తెలిసింది. ఖర్జూరాలు, పాత గ్రూపు ఫోటో కాపీ తీసుకుని నలుగురం బస్సెక్కాము. వీధిలో అడిగితే ఒక చిన్న రేకులిల్లు చూపించారు. భాభీ బయటికి వచ్చారు. "ఆయన పోయి మూడేళ్లయింది" అన్నారు.

మేము ఫోటో ఇచ్చాము. అందులో భర్త ఎక్కడున్నాడో ఆమె వెంటనే వేలు పెట్టి చూపించారు. తర్వాత మాటల్లో తెలిసింది, భర్త పోయిన నెల నుంచి పింఛను ఆగిపోయిందని. కుటుంబ పింఛను భార్యకు వస్తుందని ఆమెకు తెలుసు. అడిగారు కూడా. ఒక కార్యాలయంలో భర్త సర్వీసు నంబరు, డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు తెమ్మన్నారట. అవన్నీ రేకుపెట్టెలో ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో ఇంటి కప్పు లేచిపోయి పెట్టె నీళ్లపాలైంది. ఎలాగో తిరిగితే రెండో చిక్కు. నౌకాదళం పాత రికార్డులో భార్య పేరు చివర "బీ" అని ఉంది. ఆధార్‌లో "బేగం" అని ఉంది. ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేమిటి అన్నారట. ఆమె రెండుసార్లు తిరిగి, మూడోసారి బస్సు ఛార్జీలు లేక మానుకున్నారు. మూడేళ్లుగా పొరుగువాళ్లకు బట్టలు కుట్టి బతుకుతున్నారు.

మేము తలలు వంచుకుని కూర్చున్నాము. ఈ మూడేళ్లూ మేము ఇక్కడే, అరవై కిలోమీటర్ల దూరంలో, పాత కబుర్లు చెప్పుకుని టీ తాగుతున్నాము.

అప్పుడు మాలో ఒకాయన జేబులోంచి కలం తీసి, కాగితం మీద ఒక నంబరు రాశారు. "ఇది వాడి నంబరు" అన్నారు. ఎలా తెలుసు అంటే, "భర్తీ అయిన రోజు వరుసలో వాడు నా వెనక నిలబడ్డాడు. నా నంబరు తర్వాతి నంబరే వాడిది. జీతం రోజున నా తర్వాత వాడి నంబరే పిలిచేవారు. పదిహేనేళ్లు విన్నాను, ఎలా మరిచిపోతాను?" అన్నారు.

ఆ నంబరు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాము. నావికుల రికార్డులు ముంబాయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. నంబరు ఉండటం వల్ల ఫైలు దొరికింది. పేరు చిక్కు మిగిలింది. ఖాజీగారి దఫ్తరులో 1974 నాటి నిఖా రిజిస్టరు తీయించాము. అందులో పెళ్లికూతురి పూర్తి పేరు, తండ్రి పేరు ఉన్నాయి. ఆ నిఖాకు వెళ్లిన మా ఇద్దరూ నోటరీ ముందు అఫిడవిట్ ఇచ్చారు: ఈమే ఆమె, ఆ రోజు మేము అక్కడ ఉన్నాము, అని. అందులో ఒకరు హిందువు, ఒకరు మనవారు.

పద్నాలుగు నెలలు పట్టింది. మధ్యలో కరోనా. చివరికి కుటుంబ పింఛను మంజూరైంది, పాత బకాయితో సహా. భాభీ మొదటి నెల డబ్బులో మాకు సేమ్యా పాయసం చేసిపెట్టారు. "ఆయన ఉంటే మీతో మాట్లాడేవారు" అన్నారు. అంతకంటె ఏమీ అనలేదు.

అయ్యా, అమ్మా, మేము మిత్రులను వెతికింది మా ముచ్చట కోసమే. కాని తోటి నావికుడు అంటే సాక్షి అని ఆ రోజు తెలిసింది. కాగితం తడిసిపోయినా, పేరు తప్పుపడినా, "నేను ఎరుగుదును" అని చెప్పగలవాడు బతికి ఉంటే ఒక ఇల్లు నిలుస్తుంది. ఆ చెప్పగలవాళ్లు ఇప్పుడు డెబ్భయ్యో ఎనభయ్యో దాటినవారు. మా రూళ్ల పుస్తకంలో ప్రతి ఏడూ ఒకటి రెండు పేర్ల పక్కన "మర్‌హూమ్" అనో "కీర్తిశేషులు" అనో రాయవలసి వస్తున్నది.

అందుచేత మీకు మా మనవులు మూడు.

మొదటిది. మీ ఇంట్లో సైన్యంలోగాని, నౌకాదళంలోగాని, వైమానిక దళంలోగాని పనిచేసినవారుంటే, ఈ రాత్రే ఆయన పక్కన కూర్చుని సర్వీసు నంబరు, చేరిన సంవత్సరం, విడిచిన సంవత్సరం, పనిచేసిన ఓడ లేక రెజిమెంటు పేరు రాసి పెట్టుకోండి. రెండు చోట్ల పెట్టండి. ఫోనులో ఫోటో తీసి పిల్లలకు పంపండి. రేకుపెట్టెను నమ్ముకోకండి.

రెండవది. ఇంటి ఇల్లాలి పేరు పింఛను కాగితంలో ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మన ఇళ్లలో ఈ తేడా మామూలే. ఒకచోట బీ, ఒకచోట బేగం, ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. గుమాస్తాకు ఎలా వినిపిస్తే అలా రాశాడు. రక్షణ శాఖ పింఛన్లు ఇప్పుడు స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారాయి. కంప్యూటరుకు బీ, బేగం ఒకటే అని తెలియదు. భర్త బతికి ఉండగా దిద్దుకోవడం సులభం. తర్వాత ఎంత కష్టమో విన్నారు గదా.

మూడవది. పింఛను లేకుండా నౌకరీ విడిచినవారూ ఉంటారు. అలాంటివారిలో అరవై అయిదు దాటి ఇబ్బందిలో ఉన్నవారికి, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా నెలవారీ సాయం ఉన్నది. దరఖాస్తు చేయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వివరాలు చెబుతారు. వెళ్లడానికి జంకేవారితో మేము వస్తాము. మాకు ఇప్పుడు పనేమున్నది?

సొసైటీ వారికి ఒక విన్నపం. చదువుకున్న మన కుర్రాళ్లు, అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు నెలకో ఆదివారం కూర్చుని ఈ దరఖాస్తులు నింపిపెడితే చాలు. డబ్బు అక్కరలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఓపిక. మా రూళ్ల పుస్తకం ఆ బల్ల మీద పెడతాము.

ఆ పుస్తకంలో ఇంకా పందొమ్మిది పిలుపులకు అసలు పేర్లు తెలియవు. మీలో ఎవరి నాన్నగారైనా, తాతగారైనా, చాచాగారైనా విక్రాంత్‌లో పనిచేసి ఉంటే, ఓడమీద ఆయన్ను ఏమని పిలిచేవారో అడిగి వచ్చి చెప్పండి. ఆయన పోయి ఉన్నా సరే, వచ్చి చెప్పండి. మేము వచ్చి ఆ ఇంటివాళ్లను పలకరిస్తాము.

 వెనక వరుసలోని మా మిత్రులు ఏ తప్పూ దిద్దలేదు గనుక చెప్పింది సరిగానే చెప్పామనుకుంటున్నాము.

సెలవు. ఖుదా హాఫిజ్.